సంగటికి నిలిచే పొయ్యి

బుధవారం పొద్దున గంగరత్న అత్త దగ్గు విని లేచింది. వారం రోజులుగా ఆ ఇంట్లో ఆ దగ్గు వినపడలేదు. కళ్ళు నులుముకుని చూస్తే వంటింట్లోంచి పొగ తెరలు తెరలుగా వసారాలోకి వస్తోంది. చెదిరిన జుట్టు ముడి వేసుకుంటూనే లోపలికి పరుగెత్తింది.

తన చేతులతో కట్టిన పొగలేని పొయ్యి ముందు భాగం కూలిపోయి ఉంది. గోడలోంచి ఇంటికప్పు మీదికి పోయే గొట్టం మాత్రం ఏ పనీ లేకుండా నిలబడి ఉంది. దాని పక్కనే మూడు రాళ్ళు పెట్టి, వాటి మీద సంగటి చట్టి ఎక్కించి, అత్త నరసక్క ఊదురుగొట్టంతో ఊదుతోంది. ఊదిన దానికంటే దగ్గిందే ఎక్కువ.

“ఏమత్తా ఇది? పొయ్యికేమాయె?”

“నేనే పగలగొట్టినా.”

“ఏమిటికి?”

“నాకు పడలా. గడ్డపారతో నాలుగు పోట్లు పొడిచినా, పడిపాయె. పో, మొగం కడుక్కోపో.”

ఏదో సొరకాయ కోశాను అన్నంత తేలికగా చెప్పింది మహాతల్లి.

పరిగి దగ్గర ఆ పల్లెలో ఆడవాళ్ళ సగం ఆయుష్షు కట్టెలకే పోతుంది. కొడవలి పట్టుకుని గుట్టకు పోవడం, కంప కొట్టి మోపు నెత్తిన పెట్టుకుని రావడం, అది రెండు రోజుల్లో బూడిద కావడం, మళ్ళీ గుట్ట. పోయినేడు, అంటే తొంభై అయిదులో, హిందూపురంలో కంటి డాక్టరు నరసక్క కళ్ళు చూసి, ఈ పొగ మానకపోతే చూపు నిలవదని చెప్పాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకే మండలాఫీసు వాళ్ళు దండోరా వేయించారు. కట్టెలు సగానికి సగం ఆదా అయ్యే పొయ్యిలు ఊరూరా కట్టిస్తారట, కట్టడం నేర్చుకునే ఆడవాళ్ళకు పెనుకొండలో పది రోజులు శిక్షణ ఇస్తారట.

కోడలిని పంపింది నరసక్కే. “పెండ్లయి రెండేండ్లు కాలేదు, పదినాళ్ళు బయటికి పంపుతావా?” అని వీధిలో ఎవరో అంటే, “పోయేది నా కోడలు, నీకేం నొప్పి?” అని వాళ్ళ నోరు మూయించింది. ఆ పది రోజులూ ఇంటి చాకిరీ అంతా తనే చేసుకుంది.

వచ్చిన వెంటనే గంగరత్న మొదటి పొయ్యి సొంతింట్లోనే కట్టింది. వారం నుంచీ అన్నం, పప్పు, చారు అన్నీ దాని మీదే. రెండు రోజుల మోపు నాలుగు రోజులు వచ్చింది. అది చూసి ఊళ్ళో ముప్పై ఇళ్ళ వాళ్ళు మాకూ కట్టమని పేర్లు ఇచ్చారు. సోమవారం ఆఫీసరు మేడం వస్తుంది. ఈ ఇంట్లో పొయ్యి చూసి సరే అంటే ఆ ముప్పై పొయ్యిలూ గంగరత్న చేతి మీదుగానే. లేదంటే ఆ పథకం వేరే ఊరికి పోతుంది.

ఇంతలో పొగ చూసి పక్కింటి మారక్క గుమ్మంలోకి తొంగి చూసింది. మారక్క చూసిందంటే సాయంత్రానికి ఊరంతా చూసినట్టే.

“ఏమక్కా, పొగలేని పొయ్యి అంటిరి, ఇంత పొగ?”

నరసక్క వీధి చివరి దాకా వినపడేలా గొంతు పెంచింది. “పొయ్యికేం మారక్కా, బంగారం లెక్క ఉన్నింది. నాకే పడలా. పొగ తగలకుంటే నాకు కూడు ఉడికినట్టే ఉండదు. గడ్డపార తీసుకుని నేనే పొడిచినా!”

మారక్క నోటి మీద చేయి వేసుకుని వెళ్ళిపోయింది. ఈ గొడవకు కొట్టంలోంచి వచ్చిన నరసక్క కొడుకు ఓబుళేసు ఒకసారి తల్లి వైపు, ఒకసారి పెళ్ళాం వైపు చూశాడు. అలాంటప్పుడు మగవాళ్ళకు చేనులో పని గుర్తొస్తుంది. టవలు భుజాన వేసుకుని బయటపడ్డాడు.

గంగరత్న అప్పటిదాకా పట్టుకున్న కోపం కట్టలు తెంచుకుంది.

“ఇప్పుడు తెలిసిందత్తా నీ మనసు. నేను నాలుగిండ్లు తిరిగి పేరు తెచ్చుకునేది నీకు పడలా. నీ కండ్ల కోసమని నేర్చుకొని వస్తి. నా నోటికాడి కూడు పడగొట్టినావు గదా! నీ కూతురైతే ఇట్ల చేస్తాంటివా?”

నరసక్క చేతిలో సంగటి గెలికే కట్టె ఒక్క క్షణం ఆగింది.

“అనుకోపో. అట్లే అనుకో,” అని మళ్ళీ చట్టి వైపు తిరిగి కూర్చుంది. ఆ పొగలో ఆమె కళ్ళు ఎందుకు తుడుచుకుందో గంగరత్న చూడాలనుకోలేదు.

ఆ పూట ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు. నరసక్క విత్తనం చెనిక్కాయల మూట తీసుకుని బయట పందిరి కింద కూర్చుని ఒలవసాగింది. మధ్యాహ్నం దొడ్డివాకిట్లో ఎవరో పిలిస్తే గంగరత్న వెళ్ళింది. మారక్క.

“ఇద పాపా, మీ గడ్డపార. ఆదివారం గుంత తీయనీకె తీసకపోయి, ఇచ్చేది మర్సేపోయినా. మీ అత్తతో చెప్పొద్దు, అరుస్తాది.”

ఉదయం విన్న మాట మారక్కకు గుర్తే లేదు. చెప్పి వెళ్ళిపోయింది. గంగరత్న గడ్డపార పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఆదివారం నుంచి గడ్డపార మారక్క ఇంట్లో ఉంటే, అత్త దేనితో పొడిచింది?

వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది. పొద్దున కోపంలో సరిగ్గా చూడనేలేదు. పోటు గుర్తు ఒక్కటి లేదు. చట్టి కూర్చునే అంచు దగ్గర మొదలైన పగులు కిందికి దిగి ముందు గోడను లాగేసింది. పైగా ఇన్నాళ్ళూ కప్పి ఉన్న అలుకు రాలిపోయి, ఆ పగులు మీద తను వాడని ఎర్రమట్టి బయటపడింది. జల్లెడ పట్టని మట్టి, పేడ కలిపి మెత్తిన మెత్తుడు. ఒకటి మీద ఒకటి మూడు పొరలు. ఎండిన ఆ మట్టి మీద వేళ్ళ అచ్చులు, వాటిలో చిటికెన వేలు సగమే ఉంది. ఎప్పుడో కంప కొడుతూ కొడవలికి సగం వేలు పోగొట్టుకున్నది ఆ ఇంట్లో నరసక్క ఒక్కతే.

ఈ వారంలో తను నిద్రలేవక ముందే అత్త మూడుసార్లు ఈ పొయ్యికి మట్టి మెత్తింది!

ఆ రెండు కళ్ళ పొయ్యిలో చట్టి కూర్చునే వెనక కన్ను ఇంకా బాగానే ఉంది. గంగరత్న దాని మీద చట్టి పెట్టి ఎసరు పోసింది. నూకలు ఉడికాక రాగిపిండి కుప్పగా పోసింది. సంగటి కట్టె చేతిలోకి తీసుకుంటే కొత్తగా ఉంది. కాపురానికి వచ్చినప్పటి నుంచి సంగటి అత్త పని. “నీ రెట్టల్లో ఇంగా బలం రాలా” అని కట్టె ముట్టనిచ్చేది కాదు. పెనుకొండలో కూడా పొయ్యి కట్టాక అన్నం వండారు, సాంబారు కాచారు. సంగటి గెలికి చూడాలని ఎవరికీ తోచలేదు, తనకూ తోచలేదు.

రెండు చేతులతో కట్టె పట్టి బలంగా నాలుగు తిప్పులు తిప్పింది. చట్టి ఊగింది. అయిదో తిప్పుకు అంచు మట్టి గుప్పెడు పెళ్ళగా ఊడి నిప్పుల్లో పడింది.

ఆమె కట్టె అక్కడే వదిలేసి పందిరి కిందికి వచ్చి అత్త పక్కన కూలబడింది.

“అత్తా, మారక్క గడ్డపార తెచ్చిచ్చె.”

నరసక్క చేతిలో చెనిక్కాయ చేతిలోనే ఉండిపోయింది. “ఆ మనిషికి ఈ పొద్దే తీరిక దొరికెనా,” అని గొణిగింది.

“సంగటి గెలుకుతాంటే ఇరిగింది. నాతో యాల చెప్పలా?”

“చెప్తే నువ్వు గమ్మునుంటావా? నా పొయ్యి ఇరిగెనని ఊరంతా చెప్పుకొని ఏడుస్తావు. అబద్ధం ఆడనీకె రాదే నీకు. ముప్పై ఇండ్లోళ్ళు పేర్లిచ్చినారు. సంగటి లేని ఇల్లు ఈ ఊర్లో యాడుండాది? కోడలు కట్టిన పొయ్యి వారానికే కూలిపాయె అంటే ఇంగెవురు పెట్టించుకుంటారు? అదే గయ్యాళి అత్త పగలగొట్టె అంటే నీకు మచ్చ లేదు. నన్ను ఎవురేమనుకుంటే ఏమి, నేనేమన్నా పొయ్యిలు కట్టేదాన్నా?”

గంగరత్నకు దుఃఖం ఆగలేదు. అత్త ఒళ్ళో తల పెట్టి భోరున ఏడ్చింది. “నేను ఎన్నెన్ని మాటలంటి నిన్ను!”

“అన్నావులే. నేను మా అత్తను అన్నదాంట్లో అది కాలు భాగం కూడా కాదు.” సగం వేలున్న చేయి ఆమె తల నిమిరింది. “ఏడ్చింది చాలు గాని, పోయి మట్టి నానెయ్యి. సోమారానికి ఇంగా ఐదునాళ్ళుండాది.”

ఆ సాయంత్రమే పని మొదలైంది. నరసక్క వంక దగ్గర ఏరి తెచ్చిన మూడు చదునైన రాళ్ళను అంచులో పాతించింది. బరువు మట్టి మీద పడకుండా రాళ్ళ మీద పడాలని, చట్టి పొయ్యిలోకి నాలుగు వేళ్ళు దిగి కూర్చోవాలని చెప్పింది. “అంత దించితే మంట తిరిగే సందు తగ్గిపోతాది, పొగ మళ్ళా ఇంట్లోకే వస్తాది,” అని గంగరత్న అడ్డం పడింది. రెండు వేళ్ళ దగ్గర రాజీ కుదిరింది. లోపలి కొలతలు కోడలివి, బయటి కట్టుబడి అత్తది. ఆ నాలుగు రోజులు ఇద్దరూ చిన్నచిన్న మంటలు వేసి పొయ్యి ఆరబెడుతూ, దాని చుట్టూ పోట్లాడుకుంటూనే ఉన్నారు. ఓబుళేసు మాత్రం ఇంట్లో మాటలు మళ్ళీ వినపడుతున్నాయని చేనుకు ఆలస్యంగా పోసాగాడు.

సోమవారం ఆఫీసరు మేడం వచ్చింది. వెనకే సగం ఊరు వచ్చింది. మేడం వంగి చూసి, పెనుకొండలో నేర్పిన నమూనాలో లేని రాళ్ళు ఎందుకు వచ్చాయని అడిగింది.

నరసక్క నోరు తెరవబోయింది. ఈసారి గంగరత్న ముందే అందుకుంది.

“నేను కట్టిన మొదటి పొయ్యి సంగటికి నిలబడలా మేడం. మా అత్త పగలగొట్టలా, దానంతకదే ఇరిగింది. ఈ రాళ్ళు పెట్టించింది ఆమే.”

నరసక్క వెనక నుంచి ఆమె నడుము మీద గట్టిగా గిల్లింది. గంగరత్న కదల్లేదు.

మేడం కాసేపు ఆ రాళ్ళను తడిమి చూసింది. “అయితే సంగటి చేసి చూపించండి.”

నూకలు ఉడికాయి. పిండి పడింది. నరసక్క కట్టె తీసి, అందరూ చూస్తుండగా కోడలి చేతిలో పెట్టింది. “ఇద, పట్టు. నీ పొయ్యి, నువ్వే గెలుకు.”

గంగరత్న బలమంతా చేతుల్లోకి తెచ్చుకుని గెలికింది. చెమటలు పట్టాయి. చట్టి కదల్లేదు. అంచు నుంచి మట్టి రవ్వంత రాలలేదు. పొగ గొట్టంలోంచి ఇంటిపైకి పోతోంది. మేడం కాగితం మీద రాసుకుంటుంటే, మారక్క అందరికంటే ముందు అరిచింది: “పాపా, మా ఇంటికీ రాళ్ళు పెట్టే కట్టల్ల!”

ముద్దలు చేసి, ఊరిబిండి పచ్చడి వేసి అందరికీ తలా ఇంత పెట్టారు. గంగరత్న ఒక ముక్క నోట్లో వేసుకుని గతుక్కుమంది. పంటి కింద పచ్చిపిండి ఉండ. ఇంకో ముక్క తుంచింది. ఇంకో ఉండ. సిగ్గుతో అత్త వైపు చూసింది.

నరసక్క నోట్లోది నమలకుండా మింగింది. తర్వాత వీధి చివరి దాకా వినపడేలా గొంతు పెంచింది.

“మా కోడలు సంగటి చేస్తే ఇట్లుంటాది! ఒక్క ఉండ కూడా లేదు, చూడండి!”

గంగరత్న ఈసారి నిజం చెప్పలేదు. కళ్ళు తుడుచుకుని, అత్తకు చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.