ఎర్రపొడి రాల్చిన పుస్తకం

"పోలీసులు రాకముందే మీరు రావాలి బాబూ!" అంటూ డోర్కస్ టాప్లీ డిటెక్టివ్ ఇంటి గుమ్మంలోనే ఏడ్చేసింది.

ఇంగ్లండులోని బాత్ పట్నంలో హెలియర్ దొర ఇంట్లో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న మనిషి ఆమె. దొర అద్దాల బీరువాలోంచి రెండు వందల ఏళ్ల నాటి కవితల సంపుటం ఒకటి మాయమైంది. తాళాలు డోర్కస్ దగ్గరుంటాయి కాబట్టి దొంగ ఆమేనని దొర తేల్చేసి, తాళాల గుత్తి లాక్కున్నాడు. నడత మంచిదని ఉత్తరం రాసివ్వకుండా గెంటేస్తే, ఏభై దాటిన పనిమనిషిని ఏ ఇల్లూ గడప తొక్కనివ్వదు.

డిటెక్టివ్ పెన్‌హేల్ టోపీ అందుకున్నాడు. సహాయకురాలు వినీ అప్పటికే నోటుబుక్కు తీసింది. ఆయన టోపీ అందుకున్నాడంటే, దిగులుతో ఉన్న ఎవరికో ఆ రాత్రి హాయిగా నిద్ర పడుతుందని ఆమె గట్టి నమ్మకం.

దొర పుస్తకాల గదిలో మరో ఇద్దరున్నారు. దొరలాగే పాత పుస్తకాల పిచ్చి ఉన్న స్నేహితుడు లమ్లీ, బైండింగు పనిచేసే ముసలి పాస్కో. నిన్న పాస్కో తోలు అట్టలకు నూనె పట్టిస్తుంటే లమ్లీ కాసేపు చూసి వెళ్లాడట. ఆ తర్వాతే సంపుటం కనబడలేదు.

పెన్‌హేల్ బీరువా అరలో ఆ సంపుటం ఉండే ఖాళీ దగ్గర వంగి చూశాడు. ఇరుపక్కల పుస్తకాలూ బొటనవేలు వెడల్పున లోపలికి జరిగి ఉన్నాయి.

"ఏదీ, ఆ నీలం పుస్తకం తియ్యండమ్మా."

డోర్కస్ పైఅంచుకు వేలు తగిలించి లాగబోయింది.

"ఆగు, ఆగు! వెన్ను ఊడొస్తుంది!" దొర, లమ్లీ, పాస్కో ముగ్గురూ ఒక్కసారే అరిచారు.

"పక్క పుస్తకాల్ని లోపలికి నెట్టి, నడుం పట్టుకుని తియ్యాలి," అన్నాడు లమ్లీ గొప్పగా.

"నాకేం తెలుసండీ? నేను అరలు తుడుస్తానంతే," అంది డోర్కస్ బెదిరిపోయి. "ఆ పోయిన పుస్తకం కింద మాత్రం రోజూ ఎర్రపొడే. ఇటుక గీకినట్టు."

"నోర్ముయ్! అది నా బీరువాకే పెళ్లికూతురు!" అని కసిరాడు దొర.

"ఆ పెళ్లికూతురి మొహం ఆఖరిసారి ఎప్పుడు చూశారు?" అడిగాడు పెన్‌హేల్.

దొర గొంతు సవరించుకున్నాడు. "తెరిస్తే పాడైపోదూ? ముప్ఫై ఏళ్ల కింద పాస్కో వెన్నుతోలు మార్చాడు. అప్పటినుంచీ ముట్టుకోలేదు. ఇక చాలు, పోలీసులకి కబురు పెడుతున్నా."

"ఇంకో రెండు రోజులు, శుక్రవారం దాకా ఆగండి దొరా," అన్నాడు పాస్కో నేల చూస్తూ. "దొరకొచ్చు."

వినీ పెన్సిల్ ఆగిపోయింది. పెన్‌హేల్ అందర్నీ కూర్చోమన్నాడు.

"పక్క పుస్తకాలు లోపలికి నెట్టి ఉన్నాయి, అంటే తీసింది పుస్తకాలు తెలిసినవాళ్లు. కాబట్టి డోర్కస్ గారు కాదు. ఎర్రపొడి రాలుతోందంటే తోలు కుళ్లిందని అర్థం. కుళ్లిన పుస్తకాన్ని లమ్లీ గారు ఊరికే ఇచ్చినా పుచ్చుకోరు."

"చచ్చినా పుచ్చుకోను," అన్నాడు లమ్లీ.

"దాన్ని చూసి సిగ్గుపడేది ఒక్కరే, ఆ తోలు వేసినవాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, శుక్రవారం దాకా ఆగమన్నదీ ఆయనే. జిగురు ఆరడానికి ఎన్నాళ్లు పడుతుంది పాస్కో గారూ?"

ముసలాయన రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. "మూడు రోజులు. నిన్న రాత్రే అంటించి బరువు కింద పెట్టి వచ్చాను. నాసిరకం తోలని అప్పుడు తెలీలేదు దొరా. నిన్న నూనె పెట్టబోతే చేతికి ఊడొచ్చింది. మీరు చూడకముందే బాగుచేసి పెట్టేద్దామనుకున్నా. నిందపడ్డాక నోరు పెగల్లేదు. నన్ను క్షమించమ్మా డోర్కస్."

"పుస్తకం క్షేమమేనా?" దొర లేచి నిలబడ్డాడు.

"మునుపటికన్నా బాగుంది."

దొర కుర్చీలో కూలబడి గుండెనిండా ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత జేబులోంచి తాళాల గుత్తి తీసి చాచాడు. "ఇదిగో టాప్లీ."

డోర్కస్ చెయ్యి చాపలేదు. కళ్లు తుడుచుకుని, "పుస్తకం క్షేమం అడిగారు. బానే ఉంది. నా సంగతి అడగరా?" అంది.

దొర మొహం కందిపోయింది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆయన పనిమనిషి ముందు తల వంచాడు.

"తప్పు నాది, మిస్ టాప్లీ."

ఆమె తాళాలు అందుకుని నడుముకు తగిలించుకుంది. "సరే, టీ పెడతాను," అంది. "పాస్కో గారూ, మీరూ తాగి వెళ్లండి."