చోటు మారిన మైదా బస్తా

ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది. కళ్లు పొడిగా ఉన్నాయి.

"తమ్ముడు పోయాడు. ఇప్పుడు మా ఆయన్ని కూడా తీసుకుపోతారట," అంది, ఎవరింటి సంగతో చెబుతున్నట్టు. "ఆయనే చేసి ఉంటే చేశారని చెప్పేయండి. కాకపోతే ఎవరు చేశారో తేల్చండి. నాకు నిద్రా రావడం లేదు, ఏడుపూ రావడం లేదు."

ఆ డిటెక్టివ్‌ని అందరూ నిదానంగారు అంటారు. పక్కన కూర్చున్న అసిస్టెంటు ఒకప్పుడు కోర్టు బయట టైపు కొట్టుకునే మనిషి. నిదానంగారు ఊరికే గడ్డం గోక్కున్నా అందులో ఏదో పాయింటు ఉంటుందని టైపిస్టు నమ్మకం.

ఆవిడ చెప్పింది ఇది. కింద బేకరీ, పైన కాపురం. సెలవు రోజు మధ్యాహ్నం షట్టర్ దించుకుని ముగ్గురు మందు పెట్టుకున్నారు: బేకరీ యజమాని అయిన ఆవిడ భర్త, ఓవెన్ దగ్గర పనిచేసే ఆవిడ తమ్ముడు, వ్యాన్ డ్రైవరు. తమ్ముణ్ని అందరూ బుల్లెట్ అంటారు. ఓవెన్ టైమర్‌ని నిమిషానికి తిప్పడం, గంట మోగగానే చిన్న గ్లాసు ఖాళీ చేయడం, ముందు ఆగినవాడు ఓడినట్టు. అదీ ఆట. డ్రైవరు ముందు పడిపోయాడు, తర్వాత బుల్లెట్. ఆవిడ భర్త డ్రైవర్ని వ్యాన్‌లో ఇంటి దగ్గర దింపి వచ్చేసరికి, స్టోర్ గదిలో బల్ల మీద బుల్లెట్ చనిపోయి ఉన్నాడు. వాంతి ఊపిరికి అడ్డం పడిందన్నాడు డాక్టరు.

"మరి మీ ఆయన మీద అనుమానమెందుకు?"

"ఆయన గ్లాసులో మందే లేదట. రంగు కలిపిన సోడా. కావాలనే వాడికి పట్టించాడంటున్నారు."

బేకరీలో ఇన్‌స్పెక్టర్ ఎదురొచ్చాడు. స్టోర్ గదిలో బల్లని కదపలేదు. దాని మీద నీలం దారంతో పువ్వులు కుట్టిన గలీబు తొడిగిన దిండు ఉంది. మైదా బస్తా ఒకటి అవతలి గోడకి ఆనించి ఉంది. దాని మధ్యలో, ఏదో బరువు ఒరిగినట్టు పల్లం పడింది.

టైపిస్టు పోలీసులు తీసిన శవం ఫొటో చూసి, "చొక్కా వీపంతా పిండే సార్," అన్నాడు.

"బేకరీ వాడి చొక్కాకి పిండి కాక సున్నం అంటుతుందా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నిజమే. కానీ ముందువైపు చూడండి, పిండి మరకే లేదు, నల్లగా నిగనిగలాడుతోంది," అన్నారు నిదానంగారు.

డ్రైవర్ని పిలిచారు. "ఓనరన్న గుటకేసి గ్లాసు బోర్లిస్తుంటే మేం బెదిరిపోయాం సార్. బుల్లెట్‌కి రోషం. బావ ఆగితే నేనాగుతా అన్నాడు."

"నువ్వెప్పుడు ఆగావు?"

"నేనాగలేదు సార్. నేలే వచ్చి తగిలింది." నవ్వబోయి, మానేశాడు.

యజమాని తన వంతు చెప్పాడు. "వాణ్ని పక్కకి తిప్పి పడుకోబెట్టాను. మళ్లీ దొర్లకుండా వీపు వెనక మైదా బస్తా పెట్టాను."

"మేం వచ్చేసరికి వెల్లకిలా ఉన్నాడు. బస్తా గోడ దగ్గర," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నాకు తెలీదు."

"ఆ దిండు ఎవరిది?" అడిగారు నిదానంగారు.

అతను ఓవెన్ వైపు తిరిగాడు. "తెలీదు."

నిదానంగారు మంచినీళ్లు కావాలని మేడ మీదకి వెళ్లారు. ఆవిడ గ్లాసు అందించింది. ఆవిడ వెనక తలుపు తీసి ఉంది. పడుకునే గదిలో ఇద్దరి మంచం మీద ఒక్కటే దిండు. నీలం పువ్వులు. ఆయన నీళ్లు సగంలోనే ఆపేశారు.

మర్నాడు పొద్దున అందరినీ ఓవెన్ దగ్గరికి పిలిచారు. ఆవిడ బన్నుల ట్రే లోపల పెట్టి, టైమర్ తిప్పి, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఇది హత్య కాదు," మొదలుపెట్టారు నిదానంగారు. "గంట మోగేది టైమర్‌కి, కడుపుకి కాదు. ఒళ్లు మందుని దాని తీరికలో అది కరిగించుకుంటుంది. గ్లాసు దించేశాక కూడా మత్తు పైకి ఎక్కుతూనే ఉంటుంది. లేపినా లేవకపోతే అది నిద్ర కాదు. అప్పుడే ఆసుపత్రికి ఫోన్ చేయాల్సింది, వ్యాన్ తీయడం కాదు."

యజమాని తల దించుకున్నాడు.

"పడిపోతే నవ్వుతారని మీరు సోడా తాగారు. మీరు ఆగనంతసేపూ అతను ఆగడు. ఆ తప్పు మీదే. కానీ బస్తా పెట్టారన్నది నిజం. చొక్కా వీపు మీద పిండే సాక్ష్యం. పక్కకి పడుకున్నవాడి వాంతి బయటికి పోతుంది, వెల్లకిలా ఉంటే ఊపిరికి అడ్డం పడుతుంది. చంపాలనుకున్నవాడు అంత జాగ్రత్త పడడు."

"మరి తీసిందెవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నేనే," అన్నాడు యజమాని గబుక్కున. "తిరిగొచ్చాక తీశాను."

"అప్పటికే ప్రాణం లేదన్నారు," అన్నారు నిదానంగారు. "ప్రాణం లేని మనిషి తల కింద దిండు ఎందుకు పెట్టారు?"

ఆయన నేల వంక చూశారు. "ఇన్‌స్పెక్టర్ గారూ, కేసుకి ఇంతవరకు చాలు."

"చాలదు," అంది ఆవిడ. "తేల్చమని అడిగింది నేనేగా." ఆ గొంతులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. "ఈయన వ్యాన్‌లో వెళ్లినప్పుడు ఒకసారి కిందికి దిగాను. మెడ వాలిపోయి ఉంది. బస్తా గుచ్చుకుంటుందేమోనని లాగేశాను. వెల్లకిలా పడుకోబెట్టి నా దిండు తెచ్చి పెట్టాను. హాయిగా పడుకోరా అన్నాను కూడా. అదొక సంగతని నాకు తోచనేలేదు."

భర్త వైపు తిరిగింది. "మీకు తెలుసా?"

"దిండు చూడగానే తెలిసింది."

"జైలుకి కూడా వెళ్లేవారా?"

"తెలియకపోతే, ఎప్పటికైనా నీకు నిద్ర పడుతుంది కదా అని."

టైమర్ గంట మోగింది. డ్రైవర్ చెయ్యి దానంతటది లేచి, ఖాళీగా ముడుచుకుంది. ఆవిడే వెళ్లి, మందపాటి గుడ్డతో పట్టుకుని ట్రే బయటికి లాగి, బల్ల మీద పెట్టింది.

"మాడలేదు," అంది.