తువ్వాలు కప్పిన బొమ్మ

"పోయిన నెల నేను ధర కట్టిన బొమ్మే ఇది. ఫ్రేమ్ మార్చి తెస్తే గుర్తుపట్టననుకున్నారా?"

బొమ్మలకి ధర కట్టే అమ్మాయి భూతద్దం పక్కన పెట్టి సూటిగా అడిగింది. ఎదురుగా కూర్చున్న కళ్ళజోళ్ళ షాపు కుర్రాడు కుర్చీ అంచుకి జరిగాడు. బయట వాన కురుస్తోంది. లోపల ఇతని చొక్కా చెమటకే తడిసిపోయింది.

బొమ్మలో ఒంటిమీద నూలుపోగు లేని గులాబిరంగు సుందరి తీరిగ్గా పడుకుని ఉంది. ముఖంలో ఎర్రటి పెదవులు తప్ప కళ్ళూ ముక్కూ లేవు. కింద అంచున చిత్రకారుడి పెన్సిల్ సంతకం ఉంది. కుర్రాడి మేనమామ ఇలాంటి పాప్ ఆర్ట్ అచ్చుబొమ్మలు గోడనిండా పోగేశాడు. పోతూ పోతూ మేనల్లుడికి మిగిల్చింది ఇదొక్కటే.

"ఇలాంటివి చాలా అచ్చేస్తారు కదండీ. ఇది ఇంకోటి."

"ఇంకోటా? భుజం దగ్గర చూడండి, గులాబిరంగు గీత దాటి బయటికొచ్చింది. అచ్చేసేటప్పుడు కాస్త జరిగింది. ఇంకో కాపీలో సరిగ్గా ఇక్కడే, ఇంతే జరుగుతుందా?"

కుర్రాడు లేచాడు. కిటికీ దాకా వెళ్ళాడు. తిరిగొచ్చి కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

"ఒక్కచోట ఉండండి! బొమ్మ అసలుదని, ధర ఇంతని నేనిచ్చే సర్టిఫికెట్ రెండోది కూడా తీసుకుని ఏ దొంగ కాపీకో తగిలిద్దామనేగా? కింద సంతకం పెట్టేది నేను. నా ఉద్యోగం ఊడేది, తెలుసా?" ఆమె బొమ్మని అతని వైపు నెట్టేసింది. "మిమ్మల్ని మంచివారనుకున్నాను."

ఆ చివరి మాటే అతన్ని కుదిపేసింది. సంచిలోంచి ఒక కవరు తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె ఇచ్చిన మొదటి సర్టిఫికెట్ అది. కవరు అంటించింది అంటించినట్టే ఉంది.

"విప్పనే లేదేం?"

"విప్పితే ధర తెలిసిపోతుంది. తెలిస్తే ఇక్కడ నా పని అయిపోయినట్టే. మళ్ళీ ఏ మొహం పెట్టుకుని రావాలి? నెలంతా షాపులో కాలు నిలవలేదండీ. నిన్న ఒక తాతగారికి చిన్నపిల్లల కళ్ళజోడు తగిలించాను. నా దగ్గరున్నది ఒక్క బొమ్మ, అందుకే ఫ్రేమ్ మార్చాను. మీరంటే నాకిష్టం. ఇంతకుమించి మోసం ఏమీ లేదు."

ఆమె భూతద్దాన్ని అవసరం లేకపోయినా తుడిచింది. నవ్వు మాత్రం ఆగలేదు.

"ఈ ముక్క చెప్పడానికి ఇంత దిక్కుమాలిన ఫ్రేమ్ కొన్నారా? వెనక వేసిన ఈ చవక అట్ట, బొమ్మ కాగితాన్ని పాడుచేస్తుంది. ఇంటికెళ్ళగానే విప్పేయండి. ఆదివారం నేనే వచ్చి ఏ గోడకి తగిలించాలో చూస్తాను. గోడ చూడ్డానికే సుమా."

ఆదివారం పొద్దున్నుంచీ కుర్రాడు వీధి గుమ్మానికీ వంటింటికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ధర కట్టేవాళ్ళెవరో వస్తున్నారని మాత్రం తల్లికి చెప్పాడు.

ఆమె వానలో తడిసి వచ్చింది. తల్లి తువ్వాలిచ్చింది. ఆమె తల తుడుచుకుని తిరిగిచ్చేసి, ఫ్రేమ్ విప్పి బల్లమీద పరిచిన బొమ్మ వైపు తిరిగింది. అంతే, తల్లి గబుక్కున ఆ తువ్వాలే తెచ్చి సుందరి మీద కప్పేసింది.

"ఏమనుకోకమ్మాయ్. మా తమ్ముడికి బుద్ధి లేదు, వీడికి అంతకంటే లేదు. ఓ గుడ్డముక్క కప్పి గీస్తే ఆ గీసినవాడి సొమ్మేం పోయింది!"

"అయ్యో, తడి తువ్వాలు! తీసేయండత్తయ్యా, కాగితం ఉబ్బిపోతుంది!"

తన నోటివెంట ఏ పిలుపు వచ్చిందో ఆమెకి అప్పుడు తెలిసింది. బొమ్మలోని పెదవులకంటే ఎర్రగా కందిపోయింది.

తల్లి ఆమెని చూసింది, కొడుకుని చూసింది. నెమ్మదిగా తువ్వాలు తీసి మడిచి భుజాన వేసుకుంది.

"అలాగేనమ్మా. దీనికింకా ఏమేం చెయ్యకూడదో చెప్పు, నువ్వీ ఇంటికొచ్చేదాకా నేను చూసుకుంటాను."

కుర్రాడు కుర్చీ లాక్కుని, నెల తర్వాత మొదటిసారి కుదురుగా కూర్చున్నాడు.