ఆయుధపూజ మర్నాడు

సన్యాసమ్మ శవాన్ని బందరు ఆసుపత్రికి తీసుకెళ్ళి ఒక రోజైంది. రొయ్యలు వలిచే బల్ల మీద ఆమె గ్లౌజులు మాత్రం ఇంకా అలాగే ఉన్నాయి.

సింధూరి వాటిని ముట్టుకోలేదు. ప్రమాదం జరిగిన చోట ముందు కళ్ళు పనిచెయ్యాలి, తర్వాతే చేతులు. ఆ మాట నేర్పిన మనిషి పక్కనే నిలబడి ఉన్నాడు.

సంజీవరావు. చల్లపల్లి దాటాక ఉన్న ఈ రొయ్యల ఫ్యాక్టరీకి సేఫ్టీ మేనేజర్. ఒకప్పుడు సింధూరి విజయవాడలో ఓ ఐటీ కంపెనీలో, సర్వర్లు పడిపోతే నిలబెట్టే ఇన్సిడెంట్ టీంలో ఉండేది. ఆయన క్లాసు ఒకటి విని, ఫ్యాక్టరీ ప్రమాదాలకి కారణాలు వెతికే ఉద్యోగానికి మారిపోయింది.

"సర్వర్ కూలినా, డేటా దొంగతనం జరిగినా, గ్యాస్ లీకైనా మన పని ఒకటేనమ్మా. ఎవరు చేశారని అడగొద్దు. ఎందుకు జరిగిందని అడుగు."

ఆ ఒక్క మాట మీదే ఆమె ఇన్నేళ్ళుగా అన్నం తింటోంది. ఇవాళ ఏరికోరి ఆమెను పిలిపించిందీ ఆయనే.

"జరిగింది చెప్పండి సార్."

"ఏముందమ్మా? నిన్న పొద్దున ఆరూ నలభైకి అమ్మోనియా పైపు పగిలింది. సైరన్ మోగలేదు. సూరయ్య పనే ఇది. నైట్ డ్యూటీలో అలారం గోల భరించలేక ఆపేసి పడుకున్నాడు."

సింధూరి ఆయన ముఖంలోకి చూసింది. అడక్కముందే ‘ఎవరు’ అన్నది చెప్పేశాడు ఈయన.

సీఐ గంగాప్రసాద్ గడియారం చూసుకున్నాడు. "ఆపరేటర్ సూరయ్య వెంటిలేటర్ మీదున్నాడు మేడం. నోరు విప్పలేడు. మీ రిపోర్టు ఇచ్చేస్తే సాయంత్రానికి కేసులో అతని పేరు ఎక్కిస్తాం."

"ఎక్కడ దొరికాడు?"

"ఈ హాలు గుమ్మంలో."

"పడుకున్నవాడు ఇక్కడికెందుకొచ్చాడు?"

"పారిపోతూ పడిపోయుంటాడు," అన్నాడు సంజీవరావు.

"బయటికెళ్ళే తలుపు అతను కూర్చునే కంట్రోల్ రూం పక్కనే ఉందిగా సార్. పారిపోయేవాడు గ్యాస్ ఉన్నవైపు పరిగెత్తుతాడా?"



ముగ్గురూ కంట్రోల్ రూంకి నడిచారు. గోడకి అద్దాల తలుపున్న పాత ప్యానెల్. ఎప్పుడేం జరిగిందో గుర్తుంచుకునే మెమరీ దానికి లేదు. లోపల పక్కపక్కనే రెండు తిప్పే స్విచ్‌లు. ఒకటి సైరన్‌ది, అడ్డంగా, ఆఫ్‌లో ఉంది. రెండోది గ్యాస్‌ని బయటికి తోసే ఫ్యాన్‌ది, నిలువుగా, ఆన్‌లో ఉంది.

రెండింటికీ మూడు వేళ్ళతో గీసిన గంధం, కుంకుమ బొట్టు. మొన్న దసరాకి ఊళ్ళో గంధం పూయని యంత్రం లేదు. సీఐ జీపుక్కూడా ఉంది. అందుకే నిన్నటినుంచి ఇంతమంది చూసి కూడా ఎవరూ చూడలేదు.

సింధూరి వంగి ఆ గంధం గీతల్ని దగ్గరగా చూసింది. 

"పూజ ఎవరు చేశారు సార్?"

"ప్యానెల్‌కి ఎప్పుడూ నేనే. నా ఆనవాయితీ అది."

"ఎప్పుడు?"

"మొన్న మధ్యాహ్నం. విదేశీ బయ్యర్లు కూడా ఉన్నారు, ఫొటోలు తీసుకున్నారు."

"సూరయ్య ఉన్నాడా?"

"వాడెక్కడ? వాడు డ్యూటీకొచ్చింది రాత్రి పదికి."

ఆమె సీఐ వైపు తిరిగింది. "ఫ్యాన్ స్విచ్ చూడండి సార్. గంధం గీతలు తెగిపోయాయి. స్విచ్ మీది ముక్క నిలువుగా, దాని వెనక ప్లేటు మీది ముక్క అడ్డంగా ఉన్నాయి. అంటే పూజ అయ్యాక ఎవరో తిప్పారు. గ్యాస్ లీకైనప్పుడు సూరయ్య తిప్పాడు. తిప్పి, ఆడవాళ్ళని బయటికి పంపడానికి హాల్లోకి పరిగెత్తాడు."

"మరి సైరన్‌ది?"

"ప్లేటు మీంచి స్విచ్ మీదికి, మళ్ళీ ప్లేటు మీదికి గీతలు చెదరకుండా ఉన్నాయి. గంధం పూశాక దాన్నెవరూ ముట్టుకోలేదు. పూసేటప్పటికే సైరన్ ఆఫ్‌లో ఉంది. ఆ సంగతి పూసిన చేతికి తెలుసు."

సంజీవరావు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"పైపు దగ్గర మొన్నటికే సన్నగా లీకవుతూ ఉందమ్మా," అన్నాడు చివరికి. "బయ్యర్ల ముందు సైరన్ మోగితే ఆర్డరు పోయేది. పండగ వెళ్ళాక బాగుచేయిద్దామని ఆపాను. మళ్ళీ ఆన్ చెయ్యడం మర్చిపోయాను."

"మర్చిపోవడం తప్పే సార్. సూరయ్య మీదికి తొయ్యడం మర్చిపోయి చేసింది కాదు. నన్నెందుకు పిలిచారు?"

ఆయన తలెత్తలేదు. "నువ్వైతే నా మాట కాదనవని."

కంచే చేను మేస్తే కోపం వస్తుంది. సింధూరికి ఏడుపొచ్చింది. ఆయన సూరయ్యని ఒక్కణ్ణే కాదు, తన నమ్మకాన్ని కూడా పనిముట్టులా వాడుకోబోయాడు. ఆమె ప్యానెల్ ఫొటోలు తీసి సీఐకి పంపించి, ఇంకో మాట మాట్లాడకుండా బయటికొచ్చేసింది.

గేటు దగ్గర సూరయ్య భార్య నాగలక్ష్మి నిలబడి ఉంది.

"మీ ఆయన తప్పేం లేదండీ. పోలీసులకి చెప్పేశాను."

నాగలక్ష్మి కొంగుతో కళ్ళొత్తుకుంది. "మేనేజరు పెద్దాయనకి చెప్పారామ్మా? రాత్రంతా ఆసుపత్రిలో మా పక్కనే కూర్చున్నాడు. ‘సూరయ్య నా తమ్ముడులాంటోడు’ అని నాకంటే ఎక్కువ ఏడ్చాడు. ఈ మాట వింటే ఎంత సంతోషిస్తాడో."



లోపల్నుంచి సీఐ, ఆయన వెనకే సంజీవరావు వచ్చి జీపెక్కారు. నాగలక్ష్మి అటు చూసింది, ఇటు చూసింది. ఆమె ముఖం మెల్లగా మారింది.

"ఎందుకమ్మా?" అంది.

సింధూరికి ఆ ప్రశ్న నేర్పినవాడు జీపులో తలొంచుకు కూర్చున్నాడు.