ఉప్పునీళ్లలో నానిన స్పానర్

"ఇది వందేళ్లదా? ఎవరండీ చెప్పింది?"

భూతద్దం వెనక నుంచి ఆ అమ్మాయి అడిగిన తీరుకు మెకానిక్‌కు ఒళ్లు మండింది. తాతయ్య వాడిన స్క్రూ స్పానర్‌ని గుడ్డలో చుట్టుకుని, వానలో తడుస్తూ ఈ మ్యూజియానికి తెచ్చాడు. పాత పనిముట్ల వయసు తేల్చడం ఆమె ఉద్యోగం.

"మా తాతయ్యే చెప్పారు. వాళ్ల నాన్న చేతిదట. ఆయన అబద్ధం ఆడతారా?"

"ఆయన సంగతి నాకు తెలీదు. ఇనుము మాత్రం ఆడదు. ఈ మూల మెరుస్తోంది చూడండి, క్రోమ్ పూత. పక్కనే ఉక్కు రకం పేరు అచ్చు పడింది. మీ ముత్తాతగారి రోజుల్లో ఇలాంటివి ఎక్కడివండీ?"

"మరి ఈ తుప్పో?"

"అదే వింత. ఇది వయసు మీద పడి వచ్చిన తుప్పు కాదు. ఎవరో ఉప్పునీళ్లలో నానబెట్టి, ఇటుకపొడితో రుద్ది, పనిగట్టుకుని దీన్ని ముసలిదాన్ని చేశారు."

"చాల్లెండి, భూతద్దంగారూ!"

స్పానర్ లాక్కుని విసురుగా వానలోకి దిగాడు. ఆమె గొడుగుతో వెంటపడింది.

"కోపం నా మీద, జలుబు మీకు. ఎందుకొచ్చిన గొడవ? గొడుగులోకి రండి."

"మీ మాట వింటే మా నానమ్మ ఏమైపోతుందో తెలుసా? తాతయ్య పోయాక దీన్ని దిండు పక్కనే పెట్టుకుంది. నలుగురూ చూడాలని తనే పంపింది."

ఆమె ముఖం చిన్నబోయింది. "అయితే నేనే వచ్చి చెబుతాను. తిట్టాలనుకుంటే నన్నే తిట్టమనండి."

ఒక్క గొడుగు కింద ఇద్దరూ నడిచారు. ఆమె ఎడమ భుజం, అతని కుడి భుజం తడిసిపోయాయి. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఇంట్లో అంతా విన్న నానమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకుని కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

"దొరికిపోయాన్రా! అసలుది మీ తాతయ్య లారీ బాగుచేస్తూ ఎక్కడో పారేసుకున్నారు. వాళ్ల నాన్న గుర్తు పోయిందని అన్నం మానేశారు. చూడలేక, పాత సామాన్ల కొట్లో అలాంటిదే వెతికి కొన్నాను. ఉప్పునీళ్లలో నానబెట్టి, ఇటుకపొడితో రుద్ది, గోనెసంచుల కింద దొరికిందని చేతిలో పెట్టాను. పిచ్చి మారాజు, పోయేదాకా నమ్మారు. ఆయన నమ్మిందే నలుగురికీ చూపించాలని నిన్ను పంపాను."

అమ్మాయి స్పానర్ పిడిని వేలితో తడిమి చూస్తోంది.

"కాస్త కిరసనాయిలు ఉందా బామ్మగారూ?"

గుడ్డ ముంచి తుడిచింది. జిడ్డు పొర కరిగి, లోపల సన్నని చుక్కలు బయటపడ్డాయి. చుక్కలు కలిసి రెండు అక్షరాలయ్యాయి.

"ఇది కంపెనీ అచ్చు కాదు," అంది మెల్లగా. "మేకుతో ఒక్కో చుక్కా కొట్టారు."

మెకానిక్ వంగి చూశాడు. మొదటిది తాతయ్య పేరులోది. రెండోది నానమ్మది.

నానమ్మ నవ్వు ఆగిపోయింది. "పాతదాని మీద నా అక్షరం లేదురా."

"అంటే ఇది నువ్వు తెచ్చిందని ఆయనకి తెలుసు నానమ్మా, అందుకే నీ అక్షరం కూడా కొట్టారు. చేతిలో అరిగిన స్పానర్ మారితే మెకానిక్‌కి తెలీదా? పట్టుకోగానే తెలిసిపోయుంటుంది."

తెలిసీ, బతికినన్నాళ్లూ పైకి అనలేదు ఆ మనిషి. ముసలావిడ ఆ చుక్కల మీద వేలు పెట్టి, మళ్లీ మళ్లీ తడుముకుంది.

"ఎంత దొంగ!" అంది చివరికి.

వాకిట్లోకి వచ్చాక అతను గొంతు సవరించుకున్నాడు. "దీన్ని మ్యూజియానికి ఇవ్వను."

"ఇవ్వొద్దు. పక్కన పెట్టే కార్డు మీద ఏం రాయాలో నాకూ తెలీదు."

"నా పెట్టెలో ఇంకా చాలా పనిముట్లు ఉన్నాయి. వయసు తేల్చాలి. రోజుకొకటి తెస్తాను."

"అన్నీ కొత్తవే అయ్యుంటాయి."

"అవును."

ఆమె పెదవి కొరికి నవ్వు ఆపుకుంది. "చూడండీ, మీ ఇంట్లో మనసులో మాట మేకుతో చెక్కి దాచేస్తారేమో. నాకంత ఓపిక లేదు. ఉన్నదేదో పైకి చెప్పేయండి."

"మీరంటే నాకు..." అతని చెవులు ఎర్రబడ్డాయి. "...ఇష్టం."

లోపలి నుంచి నానమ్మ కేకేసింది: "ఒరేయ్, ఆ అమ్మాయిని అప్పుడే పంపేస్తున్నావా?"

చెప్పుల్లో పెట్టిన కాలు వెనక్కి తీసుకుని, ఆమె అతని కంటే ముందే లోపలికి నడిచింది.