అవ్వ అడిగిన అంచు

లాంచీ నీళ్లను చీల్చుకుంటూ పోతోంది. ఆండాళు ఇనుప కడ్డీ మీద గడ్డం ఆనించి కిందికే చూస్తోంది.

"చిచ్చా, గీ నీళ్ల కింద ఏముంది?"

"ఏముంటదమ్మా, అంతా భూమే," అన్నాడు లియాఖత్ అలీ. "పొలాలు, బాయిలు, బండ్ల బాటలు. ఆనకట్టకు రాళ్ల లారీ నడిపిన రోజుల్ల నేను గీ బాట మీదనే పోయెటోన్ని. ఇప్పుడు గూడ గదే బాట. కాకపోతే జర మీదికెల్లి పోతున్నం."

ఇంకేం కావాలి ఆండాళుకు! నీళ్ల కింద బండ్ల బాట కనబడిపోయింది. ఆ బాట మీద చేపలు సంతకు పోతున్నాయి. ఒక ముసలి చేప బాయి గట్టు మీద కూర్చుని అలుపు తీర్చుకుంటోంది. దాని నెత్తి మీద గంప కూడా ఉంది.

ఆండాళు ఎప్పుడూ ఇంతే. ఇంట్లో రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టమంటే దారం ఒక దిక్కు, మనసు ఒక దిక్కు. దారం చిక్కుపడేది, తెగేది. "దీని కండ్లు ఈడ, చూపు ఏడనో!" అని వాళ్లమ్మ రోజూ మొత్తుకునేది.

వాళ్లది చిట్యాల దగ్గర చిన్న ఊరు. ఇల్లంతా మగ్గమే. షోలాపూర్ మిల్లులో పనిచేసే సిద్దిరాములు మామ సెలవు మీద వచ్చి, "పోయినేడు గుట్ట, ఆనకట్ట నీళ్లు నిండి గీయేడు దీవి అయిందంట. చూసొద్దాం పాండ్రి!" అని లియాఖత్ అలీ మోటరు కారును ఒకరోజుకు కిరాయి మాట్లాడాడు. మోటరు లియాఖత్‌దే, నడిపేది లియాఖతే, దారి పొడుగునా కథలు చెప్పేదీ ఆయనే. మగ్గం మీద చీర సగంలో ఉందని బాపు, అమ్మ రాలేదు. మామ, ఆండాళు, నర్సింగమ్మ అవ్వ బయలుదేరారు.

అవ్వ వస్తాననేసరికి అందరూ ముక్కు మీద వేలేసుకున్నారు. ఆమె కండ్లలో పొర వచ్చి రెండేళ్లయింది. వెలుగూ నీడా తప్ప ఇంకేమీ కనబడదు.

"నీకేం కనబడతదే అమ్మా?" అన్నాడు బాపు.

"నాకు కనబడకుంటేంది? పోరి ఉంది గద!" అంది అవ్వ.

అసలు సంగతి దారిలో, హాలియాలో చాయ తాగేటప్పుడు బయటపడింది. ఆ దీవి మీద మ్యూజియం ఉంది. అందులో వేల ఏండ్లనాటి రాతి పలకలు, వాటి మీద రాజులు, రాణులు, దాసీలు ఉన్నారని లియాఖత్ ఎప్పుడో చెప్పాడు. రాజుల సంగతి అవ్వకు అక్కరలేదు. ఆమెకు కావలసింది ఒక్కటే.

"వాళ్లు కట్టుకున్న బట్టలకు అంచు ఎట్లుందో చూడాలె."

ఒకప్పుడు ఆ వీధిలో ఎవరి మగ్గం మీద కొత్త చీరకు పడుగు పోగులు ఎక్కినా, అంచు చెప్పేది నర్సింగమ్మే. కాయితం లేదు, కలం లేదు. ఒక దారానికి ముడులు వేసి ఇచ్చేది. పువ్వుకు పెద్ద ముడి, మొగ్గకు చిన్న ముడి, ఉత్త జాగాకు ఉత్త దారం. ఆ దారం పట్టుకుని బాపు అంచు నేసేవాడు. కండ్లకు పొర వచ్చినప్పటి నుంచి ఎవరూ అడగడం లేదు, ఆమె చెప్పడమూ లేదు. బాపు సాదా అంచులే నేస్తున్నాడు.

"ఇంకొక్క అంచు చెప్పాలని ఉంది నాకు," అంది అవ్వ, చాయ గ్లాసులోకి చూస్తూ. "ఎవ్వరూ చూడనిది."

లాంచీ దీవికి ఆనుకుంది. రేవు నుంచి మ్యూజియానికి ఎక్కుడు దారి. అవ్వ నాలుగడుగులు వేసి మోకాలు పట్టుకుంది. చింతచెట్టు నీడలో ఒక బండ చూపించి, ఆమెను అక్కడ కూర్చోబెట్టాడు మామ.

అవ్వ ఆండాళు చెయ్యి పట్టుకుంది. "నేసెటోళ్ల ఇంట్ల పుట్టినవు. మంచిగ చూడు. బట్ట ఏడికెల్లి ఏడిదాక ఉంది, అంచుకు ఏముంది, నడుమ ఎంత జాగ ఇడ్సిన్రు. నా కండ్లు నువ్వే బిడ్డా."

"సరే అవ్వా!" అంది ఆండాళు. మనస్ఫూర్తిగానే అంది పాపం.

మ్యూజియంలో చల్లగా ఉంది. లియాఖత్ ముందు నడుస్తున్నాడు. "నీళ్లు రాకముందు కింద లోయల తవ్వితే దొరికినయి ఈ రాళ్లు. అన్నిటిని మీదికి మోసుకొచ్చిన్రు. ఈయన రాజు, గా గుర్రం చూడు..." మామ "అబ్బో, అబ్బో" అంటూ వెంట పోతున్నాడు.

ఆండాళు మొదటి రాయి ముందు నిలబడింది. పక్కనే కిటికీ. కిటికీలోంచి నీళ్లు. ఎంత దూరం చూసినా నీళ్లే! ఇందాకటి ముసలి చేప ఇల్లు చేరిందో లేదో? గంపలో ఏముందో? ఒక్కసారి చూసి వద్దామని బయటికి వచ్చింది. నీళ్ల పక్కన నున్నటి బండ ఉంది. దాని మీద బోర్లా పడుకుంది. ఎండకు బండ వెచ్చగా ఉంది. నీళ్లు గులకరాళ్లను తడుతూ ఏదో చెబుతున్నాయి. చేప గంప దించింది. గంపలో ముత్యాలు. వాటితో హారం గుచ్చుతున్నది ఎవరో కాదు, ఆండాళే.

లాంచీ కూత పెట్టింది.

ఆండాళు ఉలిక్కిపడి లేచింది. జనం అప్పటికే దిగి వస్తున్నారు. మ్యూజియం వైపు చూసింది, లాంచీ వైపు చూసింది. మామ ఆమె రెక్క పట్టుకుని, "ఏడ వోయినవే? నడువు!" అని లాక్కుపోయాడు.

లాంచీలో అవ్వ తన పక్కన చోటు ఉంచింది. "చెప్పు బిడ్డా. చూసినవా?"

చూడలేదు అనడానికి నోరు తెరిచింది ఆండాళు. అవ్వ ముఖం పైకెత్తి ఉంది. పండుగనాడు పాయసం కోసం చూసే చిన్నపిల్లలా ఉంది. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"హంసలు, అవ్వా!"

"హంసలా?"

"ఆ. వరుసగ హంసలు. ఒక హంసకు ఒక హంసకు నడుమ మొగ్గ."

అవ్వ రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. "మా అమ్మ నేసేది హంసల అంచు! పాతకాలం రాజులనాటిదని చెప్తే అందరు నవ్వెటోళ్లు. నిజమే చెప్పిందన్నట్టు మా అమ్మ!" అని కండ్లు తుడుచుకుంది. బొడ్డు సంచిలోంచి దారం తీసింది. వేళ్లు వాటంతట అవే కదిలాయి. పెద్ద ముడి, చిన్న ముడి, పెద్ద ముడి, చిన్న ముడి. ఒడ్డు చేరేదాకా పాట ఏదో గొణుక్కుంటూనే ఉంది.

ఆండాళు ఈసారి నీళ్లలోకి చూడలేదు. చూస్తే అక్కడ చేపలూ లేవు, బాటా లేదు. వట్టి నీళ్లున్నాయి.

ఒడ్డున మామ అందరికీ మిరపకాయ బజ్జీలు కొన్నాడు. అవ్వ లియాఖత్‌ను పిలిచింది. "బిడ్డా, నువ్వు రాజుల ముచ్చట చెప్తవు గని అంచు ముచ్చట చెప్పవేంది? రాళ్లల్ల హంసల అంచు ఉందంట. మా పోరి చూసింది."

"అట్లనా! నేనెన్నడు చూడలే అవ్వా. గుర్రాలు, ఏనుగులే చూసిన," అన్నాడు లియాఖత్. "ఇగ నా మోటరెక్కినోళ్లందరికి చెప్త."

ఆండాళు కొరికిన బజ్జీని మళ్లీ కాయితంలో పెట్టేసింది. ఒక చిన్న అబద్ధం ఇంటికి పోతుంది, బాపు మగ్గం ఎక్కుతుంది. ఇప్పుడు మోటరు కూడా ఎక్కుతోంది.

మోటరు బయలుదేరింది. అవ్వ ముడుల దారాన్ని చుట్టి ఆండాళు గుప్పిట్లో పెట్టింది.

"పైలం. పోంగనే బాపుకియ్యాలె. కొత్త పడుగుకు గిదే అంచు. పొర ఇంకా ముదిరితే వెలుగు గూడ తెల్వదంట నాకు. నా ఆఖరి అంచుకు నువ్వు తోడున్నవు."

దారం ఏపాటి బరువుంటుంది? కానీ ఆండాళు గుప్పిట మూయలేకపోయింది. రోడ్డు మెలికలు తిరుగుతూ గుట్ట ఎక్కుతోంది. మోటరు ఒకటే చప్పుడు.

"అవ్వా... నేను చూడలే."

"ఏందే? ఇనబడ్తలేదు."

"హంసలు లేవు!" ఆండాళు గట్టిగా అరిచేసింది. "నేను చూడలే! రాళ్ల దిక్కు చూడనే లే! నీళ్లకాడ ఆడుకున్న!"

లియాఖత్ మోటరు ఆపాడు. పొదల్లో ఏదో పిట్ట కూస్తోంది.

అవ్వ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆండాళుకు. అవ్వ ముఖంలో లాంచీ ఎక్కినప్పటి వెలుగు కాస్తా ఆరిపోయింది.

"సిద్దిరాములూ, నువ్వన్న చూసినవా?"

"రాళ్లు చూసిన అత్తా," అన్నాడు మామ, తల గోక్కుంటూ. "బట్టలు చూడలే."

అవ్వ ఆండాళు వైపు తిరిగింది. తర్వాత మెల్లగా అంది. "నా కండ్లకైతే పొర వచ్చింది. నీకేమొచ్చిందే బిడ్డా?"

ఆండాళు వెక్కి వెక్కి ఏడ్చింది. అవ్వ ఏడ్వనిచ్చింది. ఏడుపు సద్దుమణిగాక, "ఇప్పు," అంది.

"ఏంది అవ్వా?"

"ముడులు. ఇంటికి పోయేదాక ఉంచొద్దు అవ్విటిని."

రోడ్డు పక్కన గోడ మీద కూర్చుంది ఆండాళు. అవ్వ వేసిన ముడులంటే మాటలా! నేతగాళ్ల ముడులు అవి. గోళ్లు నొప్పి పుట్టాయి. పంటితో లాగింది. మామకు జాలేసింది. "తే, తెంపి పారేస్త."

"వద్దు మామా," అంది ఆండాళు. ముడి తప్పయితే విప్పాలి గానీ తెంపకూడదని ఆమెకు తెలుసు. తెంపితే దారం పొట్టిదవుతుంది. చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. లియాఖత్ బీడీ ముట్టించుకుని బానెట్‌కు ఆనుకున్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు.

చివరి ముడి ఊడింది. దారం వంకరలు తిరిగి ఉంది గానీ ఖాళీ అయింది. ఆండాళు తలెత్తింది.

కింద నీళ్లన్నీ కనబడుతున్నాయి. పొద్దు గుంకుతోంది. ఆండాళు చూసింది. చేపల కోసం కాదు, ముత్యాల కోసం కాదు. ఊరికే, ఉన్నది ఉన్నట్టు చూసింది.

"అవ్వా, నీళ్లకు అంచు ఉంది."

అవ్వ తల ఇటు తిప్పింది.

"నీళ్లు అయిపోయేకాడ ఎర్రగ ఉంది."

"ఎరుపంటే? కుంకుమెరుపా, ఇటికెరుపా?"

"కుంకుమ... కాదు, ఆగవ్వా." ఆండాళు కండ్లు చికిలించింది. "ఇటికెరుపు. దాని మీద పసుపు. రెండింటి నడుమ ఒక్క నల్లపోగంత సన్నగ గీత."

అవ్వ చెయ్యి చాపింది. ఆండాళు దారం అందించింది.

"దాని మీద?"

"గుట్టలు. మొనలు మొనలుగ. ఒకటి పెద్దది. పక్కన రెండు చిన్నయి, అతుక్కొని ఉన్నయి. మల్ల ఒక పెద్దది. దానికి మొన లేదు, చదునుగ ఉంది."

అవ్వ వేళ్లు కదిలాయి. పెద్ద ముడి. రెండు చిన్న ముడులు, పక్కపక్కనే. మళ్లీ పెద్ద ముడి, కొంచెం నొక్కి.

"దాని పక్కన?"

అక్కడ ఏదో పొగలాగా కమ్ముకుంది. ఆండాళు నాలుక చివరికి ఒక కొంగల గుంపు వచ్చి వాలింది. తెల్లటి కొంగలు, బారుగా. ఎంత బాగుంటాయో! ఆండాళు వాటిని మింగేసింది.

"దాని పక్కన తెలుస్తలేదవ్వా. పొగ కమ్మింది. ఏం కనబడ్తలేదు."

అవ్వ ముడి వేయలేదు. జానెడు దారం ఉత్తగా వదిలి, అక్కడ బొటనవేలు పెట్టి పట్టుకుంది. "మంచిది. ఇగ పొగ దాటినంక ఏముందో చెప్పు," అంది.

చీకటి పడేదాకా ఆండాళు చెబుతూనే ఉంది. మోటరు కదిలాక కూడా ఆపలేదు. "మేకలు, అవ్వా. ఒక ముసలాయన. కట్టె పట్టుకున్నడు. గొంగడి రంగు తెలుస్తలేదు." అవ్వ ఊ కొడుతూనే ఉంది.

మగ్గం మీది చీర దిగాక, కొత్త పడుగు ఎక్కింది. బాపు ముడుల దారాన్ని ఎదురుగా మేకుకు తగిలించుకుని నేశాడు. ఇటికెరుపు, నల్లపోగు, పసుపు, పైన గుట్టల మొనలు. వీధి వీధంతా చూడటానికి వచ్చింది. పక్కింటి బక్కయ్య తాత అంచును వేలితో తడుముతూ పోయి, ఒకచోట ఆగాడు.

"అంతా బాగుంది నర్సింగమ్మా. గీడ జానెడు ఉత్తగనే ఇడ్సినవేంది? మర్సినవా?"

మూలన రాట్నం ముందు ఆండాళు కండె చుడుతోంది. ఆమె చెయ్యి ఆగింది.

"మర్వలే బక్కయ్యా," అంది అవ్వ. "ఆడ మా ఆండాళుకు కనబడలే."

ఆండాళు తల వంచుకుంది. దారం మీద చూపు పెట్టి మళ్లీ రాట్నం తిప్పింది.