బొట్టు పెట్టిన రిసీవర్

ఆళ్ళగడ్డ బస్టాండులో శనక్కాయల పొట్లం ఏజెంట్ నతానియేలు చేతికిస్తూ అమ్మేవాడు, "అహోబిలం జీపు పోయిందప్పా," అన్నాడు. అదే కోడ్. తరువాతిది గుసగుస.

"నంద్యాల కోల్డ్ స్టోరేజీ. విదేశీ ముఠా మన మూలవిత్తనాన్ని చంపాలని చూస్తాంది. వాళ్ళ మనిషి లోపలే ఉండాడు."

నతానియేలు ఎలక్ట్రీషియన్ వేషంలో నంద్యాల చేరాడు. అది 2009, ఆయుధపూజ రోజు.

ఆ విత్తనాల గది సంగతి వింటే ముచ్చటేస్తుంది. గది లోపల వైర్లు లేవు, రేడియో లేదు. సెన్సర్ కొలిచిన వేడిని పైనున్న ఎల్ఈడీ లైటు మన కంటికి ఆననంత వేగంగా మిణుకుతూ గోడమీది రిసీవర్‌కు చెబుతుంది. అక్కడినుంచి గోడలోని తీగ గుండా పక్కగది కంప్యూటర్‌కు. వెలుతురు గోడ దాటదు కదా, బయటివాడికి చిక్కేదేముంది?

కంప్యూటర్ దగ్గర ఉండేది జెస్సీ. మన ఏజెంటే. సెంటు వాసన, ఎర్ర గోళ్ళు, నవ్వితే చూపు తిప్పుకోలేం. వచ్చే నెలలో ఆమెకూ నతానియేలుకూ పెళ్ళి. ఎవరికైనా దిష్టి తీయాలనిపించే జంట.

"అంతా బాగుండాది. పది డిగ్రీలు," అంది జెస్సీ స్క్రీన్ చూపించి.

అతను గదిలోకి వెళ్ళాడు. ఊడ్చే అంకమ్మ పసుపు చేతులతో ఎదురైంది.

"యాడికి పెండ్లికొడకా? మిషన్లన్నిటికీ పూజ చేసినా. గోడమీది దానికి పెద్ద బొట్టు పెట్టినాలే."

రిసీవర్ అద్దం నిండా పసుపు, కుంకుమ. వెలుతురు చొరబడే సందు లేదు. మరి స్క్రీన్‌మీద ఆ పది డిగ్రీలు ఎవరు చెబుతున్నట్టు?

టెస్టర్‌లో దాచిన థర్మామీటర్ తీశాడు. చలి ఉండాల్సిన గదిలో ఉక్కపోత. ముప్పై తొమ్మిది! నలభై దాటితే విత్తనం మొలకెత్తదు. ఆపేసి ఉన్న కూలర్ లీవర్ వైపు పరుగెత్తాడు. అడ్డంగా జెస్సీ. చేతిలో పిస్టల్.

"నువ్వా?"

"మొదట్నుంచీ వాళ్ళ మనిషినే. నిన్ను వలలో ఏసుకోమన్నారు."

"ఏసినావు గదా."

"నేనూ పడినా, నతా. అది వాళ్ళు చెప్పలేదు."

"అయితే కాల్చు."

ఆమె వేలు కదల్లేదు. అతను లీవర్ ఎత్తాడు. కూలర్ గుర్రుమంది. థర్మామీటర్ నలభై ముంగిట ఆగి, మెల్లగా దిగింది.

పోలీసులు వచ్చి జెస్సీని జీపు ఎక్కించారు. ఆమె వెనక్కి చూడలేదు. అతను మాత్రం జీపు మలుపు తిరిగేదాకా చూశాడు.

చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్. ఇన్ఫార్మర్ ఎవరు?"

"అంకమ్మ అని రాసుకోండి సార్. ఆమెకు మాత్రం ఇప్పుడే ఏమీ చెప్పకండి. మా పెళ్ళికని జాకెట్ కుట్టించుకుందంట."